ధర్మం ఖాతా పక్కన ఇంకొక ఖాతా: చీరాల వర్తకులకు బహిరంగ లేఖ

చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం వర్తకులకు, వర్తక సంఘాల పెద్దలకు నమస్కారం.

మీ షాపుల్లో లెక్కలు రాసే గుమాస్తాల గురించి ఒక విషయం అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. మీలో చాలామంది బిల్లు మీద ధర్మం కింద కొంత రాసి, ఏడాది చివర ఆ సొమ్మును గుడికో, బడికో, సత్రానికో ఇస్తారు. మీ తాతల నాటి అలవాటు అది. ఆ ఖాతా పక్కనే ఈ ఏప్రిల్ 1 నుంచి ఇంకొకటి తెరవండి. మీ పుస్తకాలు రాసే మనిషి ముసలితనం కోసం నెలనెలా అందులో కొంత వేయండి. ఎంత వేయాలి, ఎక్కడ వేయాలి, అసలు ఎందుకు వేయాలి అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను.

నేను గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తున్నాను. పుట్టి పెరిగింది మాత్రం చీరాలలోనే. మా నాన్న 41 ఏళ్ళు మీ మధ్య లెక్కలు రాశారు. 2025 అక్టోబరులో, దసరా వెళ్ళిన వారంలో, గుండెపోటుతో పోయారు. ఆయన పేరుగానీ, ఆయన పని చేసిన షాపుల పేర్లుగానీ ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. తెలియనివాళ్ళకు పేరుతో పని లేదు, ఎందుకంటే మీ షాపులో కూర్చునే గుమాస్తా గారి బతుకు కూడా దాదాపు ఇదే.

నాన్న 1984లో బీకాం అవగానే ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో చేరారు. అప్పుడు అంతా చేతిరాతే. పొద్దున్నే చిట్టా, అంటే రోజువారీ పద్దుల పుస్తకం పేజీ పైన 'శ్రీరామ' అని రాసి, నిన్నటి నిల్వ దించుకుని, ఆ తర్వాతే మొదటి జమ రాసేవారు. సాయంత్రానికి చిట్టాలోని పద్దులన్నీ ఎవరి ఖాతా వారికి విడిగా ఉండే ఆవర్జాలోకి ఎక్కాలి. ఆ రోజుల్లో కొందరు ఉగాదికి, కొందరు దీపావళికి లెక్కలు ముగించేవారు కాబట్టి గుమాస్తాలకు పని ఏడాది పొడుగునా సర్దుకునేది. తర్వాత ఆదాయపు పన్ను చట్టం మార్చి, 1989 మార్చి 31 నుంచి అందరి పుస్తకాలూ ఒకే రోజు ముగియాలన్నారు. ఊళ్ళో ఉన్న ప్రతి గుమాస్తాకూ మార్చి నెల అంటే నిద్ర లేని నెల కావడం అప్పుడే మొదలైందని నాన్న చెప్పేవారు.

ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల రెండు వైపుల మొత్తాలూ, కలవని రోజు ఆయన అన్నం ముందు కూర్చున్నా మనసు అక్కడ ఉండేది కాదు. తేడా ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకుని, ముందు దాన్ని 9తో భాగించి చూసేవారు. శేషం లేకుండా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉంటాయి, 540 రాయాల్సిన చోట 450 పడి ఉంటుంది. అలా కాకపోతే తేడాలో సగం మొత్తం ఏ పద్దులోనైనా ఉందా అని వెతికేవారు. ఉంటే, జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు పడిందన్నమాట. ఈ రెండు చిట్కాలూ నాకు ఎనిమిదో తరగతిలోనే నేర్పారు. ఇప్పుడు కంప్యూటర్ రెండు వైపులా తేడా రానివ్వదు కానీ, అంకె చూడగానే అనుమానం రావడమన్నది మాత్రం ఆ చేతిరాత నుంచే వచ్చింది. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు ఎంత చెప్పినా అది రాదు.

1995 నాటికి ఒక షాపు జీతంతో ఇల్లు గడవని పరిస్థితి. షాపులకు కూడా రోజంతా ఒక మనిషిని పెట్టుకునేంత పని లేదు. అందుకని నాన్న నాలుగు షాపులు పట్టుకున్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, దీపాలు పెట్టాక నాలుగోది. ఎం.జి.సి. మార్కెట్ చుట్టుపక్కల సైకిల్ మీద, తర్వాత టీవీఎస్ మీద తిరిగారు. ఈ ఏర్పాటు రెండు వైపులా బాగానే ఉన్నట్టు కనిపించింది. మీకు తక్కువలో పని జరిగింది, మాకు నాలుగు చోట్ల నుంచి నాలుగు రాళ్ళు వచ్చాయి. కానీ ఆ రోజు నుంచి నాన్న నాలుగు షాపుల మనిషి అయ్యారు గానీ, ఏ ఒక్క షాపుకూ ఉద్యోగి కాలేదు. 30 ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. నా లేఖ అంతా ఈ ఒక్క విషయం గురించే.

చట్టం ఏమంటుందో మీకు తెలియనిది కాదు. పని మానేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ వర్తించాలంటే షాపులో 10 మంది ఉండాలి. వైద్య బీమా ఇచ్చే ఇ.ఎస్.ఐ.కి 10 మంది, పీఎఫ్‌కు 20 మంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, అయినా ఈ సంఖ్యలు మారలేదు. చీరాలలో బట్టల షాపు అంటే యజమాని, ఆయన కొడుకో తమ్ముడో, ఇద్దరు ముగ్గురు సేల్స్ కుర్రాళ్ళు, పూటకు వచ్చి వెళ్ళే ఒక గుమాస్తా. ఆ షాపు మీదికి వీటిలో ఏదీ రాదు. పైగా నాలుగు చోట్ల తలా ఒక పూట చేసేవాడు మా ఉద్యోగి అని చెప్పేదెవరు? కాబట్టి మీలో ఎవరూ ఈ చట్టాలను తప్పలేదు. ఆ మాట ముందే స్పష్టంగా చెబుతున్నాను. ఈ చట్టాలు అడగని పనినే నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

ఆయన చేసిన పని ఏమిటో మీకు తెలుసనే అనుకుంటాను, కానీ షాపు ముందు గదిలో కూర్చునేవాళ్ళకు వెనక గదిలో జరిగేది అంతా కనిపించదు. జీఎస్టీ వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. మన బట్టల వ్యాపారానికి అమ్మకం పన్ను అలవాటే లేదు. 1957 నుంచి కేంద్రమే అదనపు ఎక్సైజ్ సుంకం వసూలు చేసి రాష్ట్రాలకు పంచేది కాబట్టి గుడ్డ జోలికి రాష్ట్రాలు వచ్చేవి కావు. మధ్యలో మన రాష్ట్రంలో వ్యాట్ వేయడం, మీరు షాపులు మూసి ఆందోళన చేయడం, చివరికి తీసేయడం జరిగింది, అది వేరే కథ. 2017 జూలై 1న మాత్రం తప్పించుకోవడానికి లేకుండా పోయింది. గుడ్డ మీద 5 శాతం, వెయ్యి దాటిన రెడీమేడ్ మీద 12 శాతం, బిల్లుల మీద సరుకు రకం చెప్పే హెచ్.ఎస్.ఎన్. కోడ్, నెలనెలా రిటర్నులు. అప్పటికి నాన్నకు 54 ఏళ్ళు. రాత్రిళ్ళు నన్ను ఫోన్‌లో పెట్టుకుని ఒక్కో ఫారం గురించి అడిగి రాసుకునేవారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఊళ్ళో మిగతా గుమాస్తాలు దాన్ని తీసుకెళ్ళి జిరాక్సులు తీయించుకునేవారు.

11వ తేదీకి అమ్మకాల వివరాలు, 20వ తేదీకి పన్ను. మూడు నెలలకొకసారి వేసే చిన్న షాపులకు 13, 22. ఈ తేదీలు మా ఇంట్లో పండగల కంటే బాగా గుర్తుండేవి. సూరత్‌లోనో ఈరోడ్‌లోనో సరుకు పంపిన వ్యాపారి తన రిటర్నులో మీ బిల్లు ఎక్కించకపోతే, మీరు కట్టిన పన్ను మీకు క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, రాదు. అతను ఎక్కించాడా లేదా అని ప్రతి నెలా బిల్లు బిల్లుకూ సరిచూసి, ఎక్కించనివాళ్ళకు వచ్చీరాని హిందీలో ఫోన్ చేసి బతిమాలేది గుమాస్తాయే. ఆ ఫోన్ ఖర్చు ఏ షాపు పద్దులోనూ ఉండదు. అలా కాపాడిన సొమ్ము మీ లాభంలో కలిసిపోతుంది కాబట్టి, అది విడిగా ఎవరి కంటికీ కనపడదు.

ఇక ఓటీపీ సంగతి. రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ యజమాని ఫోన్‌కు వస్తుంది. యజమాని పెళ్ళిలో ఉంటారు, తిరుమల కొండ మీద ఉంటారు, నిద్రపోతూ ఉంటారు. పోర్టల్ మెల్లగా కదిలే 20వ తేదీ రాత్రి నాన్న ఆ ఆరు అంకెల కోసం ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో తిరగడం నేను చూశాను. ఒక్క రోజు ఆలస్యమైతే 50 రూపాయల రుసుము, పైన వడ్డీ. ఆ 50 రూపాయలు కొందరు యజమానులు గుమాస్తా జీతంలో పట్టుకుంటారని విన్నాను. నాన్న షాపుల్లో అలా జరగలేదు. జరిగిన చోట ఇకమీదైనా ఆపండి.

2016 నోట్ల రద్దు రోజుల సంగతి ఒకటి ఆయన పోయాకే మాకు తెలిసింది. పాత తేదీలతో అమ్మకాలు రాయమని ఒక చోట అడిగారట. జరగని అమ్మకానికి బిల్లు రాయనని చెప్పి, ఆ షాపు వదులుకున్నారు. కొన్ని నెలల తర్వాత దాని స్థానంలో ఇంకొకటి దొరికింది. ఆ కొన్ని నెలలూ ఇల్లు ఎలా నడిపారో అమ్మకు కూడా చెప్పలేదు. మాకు ఈ సంగతి చెప్పింది ఆయన తోటి గుమాస్తా ఒకాయన, పదకొండో రోజున. ఎవరి మీదా ఫిర్యాదు కోసం ఇది రాయడం లేదు. ఆ ఏడాది ఎంతమంది భయంలో ఎన్ని అడిగారో నాకు తెలుసు. కానీ పన్ను శాఖ నోటీసులు మీ గుమ్మం దాకా రాకుండా ఉన్నాయంటే, అందులో వద్దని చెప్పగలిగిన గుమాస్తాల పాత్ర ఉందని మీరు గుర్తించాలి.

2025 సెప్టెంబరు ఎలా గడిచిందో కూడా చెప్పాలి. జూలై 31 కావాల్సిన ఆదాయపు పన్ను రిటర్నుల గడువు సెప్టెంబరు 15 దాకా పెంచారు, పోర్టల్ మొరాయించడంతో మరునాడు కూడా ఇచ్చారు. 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 2,500 దాకా ఉన్న రెడీమేడ్ బట్టలన్నీ 5 శాతంలోకి వచ్చాయి, అది దాటినవి 18లోకి పోయాయి. అప్పటికే కట్టిన ట్యాగులు, కంప్యూటర్‌లో ఎక్కించిన రేట్లు అన్నీ దసరా బేరాల మధ్యలో మార్చాలి. సెప్టెంబరు 30 ఆడిట్ గడువు నెత్తి మీద ఉంది, దాన్ని ఒక నెల పెంచుతున్నట్టు చెప్పింది చివరి వారంలో. ఇవన్నీ ఒక్కో షాపుకు ఒక్కసారే. నాన్నకు నాలుగు సార్లు. పని వల్లే పోయారని నేను అనను. బీపీ, షుగర్ పదేళ్ళుగా ఉన్నాయి. కానీ ఆ నెలలో ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ రెండుసార్లు వాయిదా పడింది. అది నిజం.

షాపుల పని కాకుండా ఆయన ఇంకెన్ని లెక్కలు రాశారో మీకు తెలుసు, ఎందుకంటే వాటిలో చాలావరకు మీరే అప్పగించారు. వీధిలో శ్రీరామనవమి పందిరి తీసిన మూడో రోజుకల్లా జమాఖర్చుల కాగితం గోడ మీద ఉండేది. చందా ఇచ్చిన ప్రతి పేరూ, పానకం బెల్లం ధర, షామియానా అద్దె, మిగిలిన నిల్వ. పది రూపాయలిచ్చిన ముఠా కూలీ పేరు కూడా వేలు ఇచ్చినవాళ్ళ పేర్ల మధ్య అదే సైజు అక్షరాల్లో ఉండేది. ఎవరైనా అడగకముందే లెక్క చూపించాలన్నది ఆయన పట్టుదల. శ్మశానం కమిటీ, గుడి హుండీ లెక్క, నేతగాళ్ళ పొదుపు సంఘం, ఇవన్నీ జీతం లేని పనులే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు జాండ్రపేటలో గుంట మగ్గాల్లోకి నీళ్ళొచ్చాయి. గుంట మగ్గం ఉన్న ఇంట్లో నీళ్ళు చేరితే పడుగు, అంటే మగ్గం మీది నిలువు నూలు, పాడవుతుంది, గుంట ఆరేదాకా పని ఉండదు. నాన్న, ఇంకో ఇద్దరు కలిసి ఇల్లిల్లూ తిరిగి ఎవరి మగ్గం మీద ఎంత నూలు పోయిందో రాసుకొచ్చారు. మీరు ఇచ్చిన బియ్యం, సొమ్ము ఆ జాబితా ప్రకారమే పంచారు. ఒక ఇంటికి రెండుసార్లు వెళ్ళలేదు, ఒక ఇల్లు తప్పిపోలేదు. ఆ జాబితా నేను చూశాను. ప్రభుత్వ ఆఫీసుల్లో కూడా అంత శుభ్రమైన జాబితా నేను ఎక్కువ సార్లు చూడలేదు.

2015లో ప్రధాని పేరు మీద జీవన జ్యోతి బీమా వచ్చింది. అప్పట్లో ఏడాదికి 330 రూపాయలు, మనిషి పోతే ఇంటికి 2 లక్షలు. నాన్న బ్యాంకు నుంచి ఫారాల కట్ట తెచ్చుకుని వీధి వీధంతా చేర్పించారు. చదువు రానివాళ్ళకు తనే నింపారు. ఆ పథకంలో చేరడానికి వయసు 50 లోపు ఉండాలి. ఆయనకు అప్పటికే 52. అదే ఏడాది వచ్చిన అటల్ పెన్షన్‌కు 40 లోపు ఉండాలి. ఇలా ఆయన చేర్పించిన ఏ పథకంలోనూ ఆయనకు చోటు లేదు, అప్పట్లో ఏడాదికి 12 రూపాయల ప్రమాద బీమా తప్ప. ఆయన చేర్పించిన ఒక ఆటో డ్రైవర్ పోతే, ఆ ఇంటికి 2 లక్షలు వచ్చేదాకా బ్యాంకు చుట్టూ తిరిగింది కూడా ఆయనే.

ఇంట్లో మనిషి గురించి ఎక్కువ రాయను. నన్నూ తమ్ముణ్ణీ చదివించారు. భర్త పోయి తిరిగొచ్చిన మా మేనత్తను చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నారు. అమ్మతో గట్టిగా మాట్లాడటం మేము వినలేదు. ఆదివారాలు వీలైనప్పుడు మమ్మల్ని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళి, 1918లో పెట్టిన లైబ్రరీ ఇది, చేతులు కడుక్కుని పుస్తకం ముట్టుకోండి అనేవారు. ఆయన పాత పేపర్లు తిరగేస్తుంటే మేము పిల్లల పుస్తకాలు చదువుకునేవాళ్ళం. ఇంటి ఖర్చుల డైరీలో 'చేబదులు' అని ఒక పేజీ ఉంటుంది. అందులో తిరిగి రానివాటి పక్కన ఆయన గీత కొట్టలేదు, 'చూద్దాం' అని రాశారు.

ఆయన పోయిన రోజు మీరంతా వచ్చారు. ఎన్నో షాపులు మధ్యాహ్నం దాకా తెరవలేదు. ఒక షావుకారు గారు పెద్దకర్మ భోజనాల ఖర్చు పెట్టుకున్నారు. ఇంకొకరు నాన్న తీసుకున్న 40 వేల అడ్వాన్సు మాఫీ చేశారు. నాలుగు షాపుల వాళ్ళూ ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చారు. మా అమ్మ ఇవేవీ మరచిపోలేదు, మేమూ మరచిపోము. అయినా చెబుతున్నాను, ఇదంతా మీ మంచితనం మీద ఆధారపడింది. మంచి షావుకారు దొరికిన గుమాస్తా ఇంటికి ఒక రకంగా, దొరకని ఇంటికి ఇంకో రకంగా జరుగుతుంది. మా అమ్మ వయసు 57. ఆమెకు ఇప్పుడు నెలనెలా వచ్చేది మేమిద్దరం పంపేదే. పిల్లలు స్థిరపడని గుమాస్తాల ఇళ్ళు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఇవాళ ఎవరినీ ఏమీ అడగలేరు.

ఇప్పుడు లెక్క చెబుతాను. గ్రాట్యుటీ లెక్క ప్రకారం చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని ఎన్నేళ్ళు పని చేస్తే అన్నింటితో హెచ్చిస్తారు. నాన్నకు ఒక్కో షాపు ఇచ్చింది సుమారు 6,000. అంటే ఏడాదికి 3,461 రూపాయలు. మధ్యలో ఒక షాపు మారిన సంగతి పక్కన పెడితే, 30 ఏళ్ళకు ఒక్కో షాపు నుంచి సుమారు 1,03,800, నాలుగు షాపులూ కలిపి 4,15,000 పైచిలుకు. ఆయనే ఒక పెద్ద కంపెనీలో ఇదే జీతానికి 30 ఏళ్ళు చేసి ఉంటే ఈ సొమ్ము హక్కుగా వచ్చేది. ఇప్పుడు ఇదే లెక్కను నెలలకు పంచి చూడండి. ఒక షాపు మీద పడేది నెలకు 288 రూపాయలు. మీ షాపులో ఒక రోజు టీలకు అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

అందుకే నేను అడిగేది నెలకు 300. జీతం ఎక్కువైతే ఆ నిష్పత్తిలో ఎక్కువ. గుమాస్తా పేరు మీద ఎన్.పి.ఎస్. (జాతీయ పింఛను పథకం) ఖాతా తెరిపించండి. బ్యాంకులో, పోస్టాఫీసులో తెరుస్తారు. ఆ ఖాతా మనిషిది, షాపుది కాదు. అతను నాలుగు షాపులు మారినా, ఒక షాపు మూతపడినా ఖాతా అతనితోనే ఉంటుంది. నాలుగు షాపులూ తలా 300 చొప్పున ఇచ్చి కలిపి వేస్తే నెలకు 1,200 అవుతుంది. అలా ఇరవై ముప్ఫై ఏళ్ళు పేరుకుంటే ముసలితనంలో చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. 50 లోపు వయసున్న గుమాస్తాకు జీవన జ్యోతి బీమా ప్రీమియం ఇప్పుడు ఏడాదికి 436, ప్రమాద బీమా 20. ఈ రెండూ షాపే కట్టవచ్చు. 20 మంది లేకపోయినా, యజమాని, పనివాళ్ళు ఒప్పుకుంటే పీఎఫ్‌లో స్వచ్ఛందంగా చేరే వీలుంది, పెద్ద షాపులు అది కూడా ఆలోచించాలి.

ధర్మం సొమ్ములోంచి ఇద్దామని కొందరు అనుకోవచ్చు. వద్దు. అది దానధర్మాల కోసం జనం దగ్గర తీసుకున్నది, మీ దగ్గర పని చేసేవాళ్ళకు ఇవ్వడానికి కాదు. నాన్న బతికి ఉంటే ఆ పద్దు అలా రాయనిచ్చేవారు కాదు. ఇది జీతంలో భాగంగా ఇచ్చేది, వ్యాపార ఖర్చు కిందే రాసుకోవాలి. అందుకే ధర్మం ఖాతా పక్కన విడిగా ఇంకొక ఖాతా అంటున్నాను.

వ్యాపారం బాగా లేదని మీరు అనవచ్చు. అది అబద్ధం కాదు. ఆన్‌లైన్ అమ్మకాల వల్ల, విజయవాడ, గుంటూరు మాల్స్ వల్ల చిన్న షాపులకు ఎంత దెబ్బ తగిలిందో మీ పుస్తకాలు చూసిన ఇంటి పిల్లగా నాకు తెలుసు. కొన్ని షాపుల్లో యజమాని ఇంటికి తీసుకెళ్ళేది గుమాస్తా జీతం కంటే ఎంతో ఎక్కువ ఉండదు. అలాంటి షాపుల వాటాలో సగం సంఘం భరించవచ్చు. పెద్ద హోల్‌సేల్ షాపులు కొంత ఎక్కువ వేసుకోవచ్చు. ఎవరు ఎంత అన్నది మీలో మీరు తేల్చుకోగలరు, పండగ చందాలు అలాగే తేల్చుకుంటున్నారు కదా.

ఇంకో అభ్యంతరం కూడా విన్నాను. అతను మా ఒక్కరి దగ్గరే చేయడు, మేమెందుకు ఇవ్వాలి అని. నలుగురూ ఇదే మాట అంటే చివరికి ఎవరూ ఇవ్వరు. నాన్న విషయంలో జరిగింది సరిగ్గా అదే. అందుకే ఒక్కొక్క షావుకారును విడివిడిగా అడగకుండా సంఘాలను అడుగుతున్నాను. కలిసి చేయడం ఈ ఊరికి కొత్త కాదు. 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకుని సుమారు 11 నెలలు పాకల్లో ఉన్నారు. మీ ముత్తాతలు, తాతలు ఉన్నారు అందులో. వాళ్ళు వదులుకున్నదాంతో పోలిస్తే నేను అడిగేది చాలా చిన్నది.

గుమాస్తాలకు కూడా ఒక మాట. అన్నయ్యలూ, బాబాయిలూ, ఊళ్ళో అందరి లెక్కలూ మీ దగ్గర ఉన్నాయి, మీ సొంత లెక్క మాత్రం లేదు. సంఘాలు తేల్చేదాకా ఆగకండి. 40 లోపు వాళ్ళు, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు అటల్ పెన్షన్‌లో ఈ నెలలోనే చేరండి. అడగడానికి మొహమాటపడకండి. ఎన్నాళ్ళ నుంచి ఏ షాపులో చేస్తున్నారో, ఎంత ఇస్తున్నారో ఒక కాగితం మీద రాయించుకుని యజమాని సంతకం తీసుకోండి. నాన్న దగ్గర అలాంటి కాగితం ఒక్కటి కూడా లేదు. బీపీ ఉన్నవాళ్ళు 20వ తేదీ దాటాక చూద్దామని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయకండి.

యజమానులకు డబ్బు ఖర్చు లేని ఇంకో రెండు విన్నపాలు. బిల్లుల ఫొటోలు 9వ తేదీ రాత్రి పదింటికి వాట్సాప్‌లో కుప్పగా పంపకుండా వారం వారం పంపండి. రిటర్ను రోజున ఓటీపీకి అందుబాటులో ఉండండి, లేకపోతే ఇంట్లో నమ్మకమైనవాళ్ళ నంబరు పెట్టించండి.

ఈ 2026లో మార్చి 19న ఉగాది. ఆ తర్వాత 12 రోజులకు పుస్తకాలు ముగుస్తాయి. ఈలోపు మీ సంఘాల సమావేశంలో ఈ విషయం అజెండాలో పెట్టండి. ఎవరికి ఏ ఖాతా సరిపోతుంది, ఫారాలు ఎలా నింపాలి, పుస్తకాల్లో ఏ పద్దు కింద రాయాలి అన్నది వచ్చి వివరించడానికి నేను సిద్ధం. మా ఆఫీసులో ఇంకో ఇద్దరు కూడా వస్తామన్నారు. ఫీజు ఏమీ లేదు. ఆదివారం పెడితే గుమాస్తాలు కూడా రాగలరు, వాళ్ళను కూడా పిలవండి. ఏప్రిల్‌లో మొదటి జీతాలు ఇచ్చేనాటికి కొన్ని షాపులైనా మొదలుపెడితే, మిగతావాళ్ళను ఒప్పించే పని మేము చేస్తాం.

ఇట్లు,
చీరాల గుమాస్తా కూతురు
గుంటూరు